ఏడు టన్నుల రాయి, నాలుగు దుంగలు: బెల్జోనీ కథ

క్రేన్ లేదు. చైన్ బ్లాక్ లేదు. ఫోర్క్‌లిఫ్ట్ మాట అప్పటికి పుట్టనే లేదు. ఉన్నవల్లా 14 దూలాలు, ఖర్జూరపు ఆకుతో పేనిన 4 తాళ్లు, 4 దుంగలు. వీటితో ఏడు టన్నుల పైచిలుకు బరువున్న ఒక రాతి తలను నైలు నది ఒడ్డుకి చేర్చాలి. దూరం సుమారు రెండు మైళ్లు. జులై, ఆగస్టు ఎండలు. పైగా రంజాన్ నెల. లాగేవాళ్లంతా ఉపవాసం ఉన్నవాళ్లే. సూర్యుడు పడమట దిగేదాకా గుక్కెడు నీళ్లు కూడా ముట్టరు.

ఏడు టన్నులంటే ఎంతో మన సైట్ల మీద పనిచేసే తమ్ముళ్లకి వేరే చెప్పక్కర్లేదు. 50 కిలోల సిమెంట్ బస్తాలు 140కి పైనే. అన్నీ కలిపి ఒకే ముద్ద అనుకోండి. 1816లో ఆ పని చేయించిన మనిషి పేరు జొవాన్నీ బెల్జోనీ. ఇటలీవాడు. చదువుకున్న పురావస్తు పండితుడు కాదు, సైన్యాధికారి కాదు, జమీందారు బిడ్డ అంతకన్నా కాదు. మంగలి కొడుకు. పొట్ట చేత పట్టుకుని దేశాలు తిరిగినవాడు, అంటే మనలాంటివాడే.

ఈజిప్టుకి ఎవరు వెళ్లినా పిరమిడ్ల ముందు ఒక ఫొటో దిగి వచ్చేస్తారు. బెల్జోనీ జీవితం తెలుసుకుని వెళితే అదే దేశంలో చూడాల్సినవి ఇంకా చాలా కనిపిస్తాయి. ఆయన అడుగుపెట్టిన చోటల్లా ఇవాళ ప్రపంచం నలుమూలల నుంచి జనం వస్తున్నారు. అందుకే ఆయన కథనీ, ఆ చోట్లనీ కలిపి చెబుతున్నాను.

సర్కస్ నుంచి సాకియా దాకా

బెల్జోనీ 1778 నవంబర్ 5న ఇటలీలోని పాదువాలో పుట్టాడు. కుర్రతనంలోనే రోమ్ చేరాడు. అక్కడ నీటిపారుదల యంత్రాల పని కొంత నేర్చుకున్నానని తానే తర్వాత రాసుకున్నాడు. 1798లో ఫ్రెంచి సైన్యాలు రోమ్‌లోకి రావడంతో ఆ బతుకు చెదిరింది. హాలెండ్ వెళ్లాడు, అక్కడి నుంచి 1803లో ఇంగ్లండ్ చేరాడు.

మనిషి ఆరున్నర అడుగుల పైన ఉండేవాడు. దానికి తగ్గ బలం. లండన్‌లో సాడ్లర్స్ వెల్స్ అనే నాటకశాలలో ఆ ఏడే పని దొరికింది. ఏం పని? ఇనుప చట్రం ఒకటి ఒంటికి బిగించుకుని, దాని మీద పది పన్నెండు మందిని ఎక్కించుకుని వేదిక మీద నడవడం. చేతిలో విద్య ఉన్నా పరాయి దేశంలో అడిగేవాడు లేకపోతే కండలే అమ్ముకోవాలి. ఈ సంగతి మనలో చాలామందికి అనుభవమే. ఐటీఐ సర్టిఫికెట్ సూట్‌కేసులో ఉంటుంది, చేతిలో మాత్రం పార ఉంటుంది.

ఇంగ్లండ్‌లోనే సారా అనే అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. సుమారు తొమ్మిదేళ్లు అలా ఊరూరా ప్రదర్శనలిచ్చి, తర్వాత భార్యతో కలిసి స్పెయిన్, పోర్చుగల్ మీదుగా మాల్టా చేరాడు. అక్కడే ఆయనకి ఒక ఏజెంట్ తగిలాడు. ఈజిప్టు పాలకుడు మహమ్మద్ అలీ పాషా తరఫున కొత్త యంత్రాలు తెలిసినవాళ్లని వెతుకుతున్న మనిషి. నీళ్లు తోడే యంత్రం చేసిపెడితే కొలువు ఖాయమన్న ఆశ చూపించాడు. బెల్జోనీ ఓడెక్కేశాడు. 1815లో ఈజిప్టులో దిగేసరికి అక్కడ ప్లేగు.

ఈజిప్టు రైతులు పొలాలకి నీళ్లు పెట్టేది సాకియాతో. ఎద్దులు తిప్పే నీళ్ల చక్రం అది. బెల్జోనీ చేసిన యంత్రం వేరే రకం. పెద్ద చక్రం లోపల ఒక్క ఎద్దు నడుస్తుంటే ఆ బరువుకే చక్రం తిరిగి నీళ్లు పైకొస్తాయి. 1816లో పాషా ముందు పరీక్ష పెడితే నాలుగు సాకియాల పని ఒక్కటే చేసిందని బెల్జోనీ లెక్క. అంతా బాగుందనుకునే వేళ ఎద్దుని తీసేసి మనుషుల్ని ఎక్కించి చూద్దామన్నాడు పాషా. పదిహేను మంది దాకా లోపలికి దూకారు. వాళ్లతో పాటు బెల్జోనీ వెంట వచ్చిన ఐరిష్ కుర్రాడు జేమ్స్ కూడా ఎక్కాడు. చక్రం ఒక్క తిప్పు తిరిగిందో లేదో, వేడుక చాలనుకుని మిగతావాళ్లంతా బయటికి గెంతేశారు. బరువు పోయిన చక్రం గిర్రున వెనక్కి తిరిగి జేమ్స్‌ని విసిరికొట్టింది. తొడ ఎముక విరిగింది.

దాంతో యంత్రం మూలన పడింది. ఇన్నాళ్ల పనికి రావాల్సిన డబ్బు కూడా రాలేదు. పరాయి దేశం, చేతిలో పైసా లేదు, వెంట భార్య. ఆ స్థితిలో ఎవరైనా తిరుగు ప్రయాణం కట్టేస్తారు. బెల్జోనీ మాత్రం వేరే పని వెతుక్కున్నాడు.

రాతి తలకి దారి

కైరోలో ఆయనకి జోహాన్ బర్క్‌హార్ట్ పరిచయమయ్యాడు. స్విట్జర్లాండ్ మనిషి. అరబ్బు వేషంలో తిరుగుతూ జోర్డాన్‌లోని పెట్రాని 1812లో చూసి, దాని సంగతి యూరప్‌కి చెప్పింది ఆయనే. ఎగువ ఈజిప్టులో లక్సర్‌కి ఎదుటి ఒడ్డున ఒక పాత గుడిలో అందమైన రాతి తల పడి ఉందని ఆయన చెప్పాడు. బ్రిటిష్ కాన్సుల్ హెన్రీ సాల్ట్ ఖర్చులు పెట్టుకోవడానికి ఒప్పుకున్నాడు. బెల్జోనీ జూన్ ఆఖరున కైరో నుంచి పడవలో బయల్దేరాడు.

ఆ గుడి పేరు రామెస్సేయం. మూడు వేల రెండు వందల ఏళ్ల కిందట ఈజిప్టుని ఏలిన రెండో రామెసెస్ కట్టించింది. ఆ తల కూడా ఆయనదే. ఎత్తు 2.67 మీటర్లు. కుడి ఛాతీ దగ్గర గుండ్రటి రంధ్రం ఉంటుంది. అంతకుముందు ఫ్రెంచి వాళ్లు దాన్ని కదిలించబోయి వేసిన రంధ్రమని చెబుతారు.

1816 జులై 27న పని మొదలైంది. ఇక్కడ బెల్జోనీ పద్ధతి చూడండి. 14 దూలాల్లో 8 తీసుకుని బండిలాంటి చట్రం కట్టించాడు. మిగతావి మీటలు. విగ్రహం కింద మీటలు దూర్చి ఒక పక్క కొంచెం లేపడం, ఆ సందులోకి చట్రం తోయడం, మళ్లీ చట్రం ముందు భాగం లేపి కింద దుంగ పెట్టడం. తర్వాత వెనక భాగం. అంతే! నాలుగు దుంగల మీద బండి కూర్చుంది. ఇక కొందరు ముందు నుంచి తాళ్లు లాగుతుంటే, వెనక మిగిలిపోయిన దుంగని ఎత్తుకొచ్చి మళ్లీ ముందు పెట్టేవాళ్లు కొందరు. మనం సైట్లో జనరేటర్‌నో చిల్లర్‌నో పైపుల మీద జరిపేటప్పుడు చేసేది ఇదే. పైపుల బదులు అక్కడ కర్ర దుంగలు.

బెల్జోనీ దగ్గర పనిచేసిన కూలీలు సుమారు 80 మంది. కూలి రోజుకి 30 పారాలు. పొలంలో వాళ్లకి దొరికేదాని కంటే సగం ఎక్కువే. అయినా ఆ పనికి అది ఏమూలకి? ఇసుకలో దుంగలు దిగబడేవి. తాళ్లు తెగేవి. బరువైన మీటలు మోసుకుంటూ తిరగాలి. దుమ్ము, సెగ. బెల్జోనీయే ఎండదెబ్బ తగిలి పడిపోయాడు. ఉపవాసాలతో ఆ పని చేసిన ఆ కూలీల ఓర్పుని చూసి ఆయన ఆశ్చర్యపోయాడు. యూరప్ వాళ్లెవరూ అంత కష్టం తట్టుకోలేరని తన పుస్తకంలో ఒప్పుకున్నాడు. అయితే వాళ్లలో ఏ ఒక్కరి ఊరూ పేరూ ఇవాళ మనకి దొరకదు. తల లండన్ చేరింది, బెల్జోనీ చరిత్రలోకి ఎక్కాడు. లాగిన 80 మంది మాత్రం 80 మందిగానే మిగిలిపోయారు.

పనికి గడువు కూడా ఉంది. నైలుకి వరద వచ్చే రోజులవి. పల్లపు నేల దాటకముందే నీళ్లు వచ్చాయంటే ఏడాది ఆగాలి. సరిగ్గా ఆ వేళలోనే ఊరి అధికారి ఒకడు, తనకి కానుకలు ముట్టలేదన్న అక్కసుతో కూలీల్ని పనికి రానివ్వకుండా ఆపాడు. బెల్జోనీ వాణ్ని పట్టుకుని ఆయుధాలు లాక్కున్నాడు. తర్వాత పై అధికారి దగ్గరికెళ్లి, తన దగ్గరున్న మంచి పిస్తోళ్లు బహుమతిగా ఇచ్చుకున్నాడు. కూలీలు తిరిగొచ్చారు. ఆగస్టు 12న తల నది ఒడ్డుకి చేరింది.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. గుడిలోంచి దారి చేయడానికి రెండు స్తంభాల అడుగు దిమ్మెల్ని పగలగొట్టించాడు. పని కావాలంతే, అడ్డొచ్చింది కొట్టేయడమే అన్నట్టు! ఈ రోజు ఏ దేశంలో ఆ పని చేసినా జైలుకి పంపుతారు.

ఇసుక కొండలో దారి

పడవ దొరికేలోగా బెల్జోనీ ఖాళీగా కూర్చోలేదు. ఇంకా దక్షిణానికి, నూబియాలోని అబూ సింబెల్‌కి వెళ్లాడు. అక్కడ కొండనే చెక్కి గుడి చేశారు. ముందు నాలుగు రామెసెస్ విగ్రహాలు, ఒక్కొక్కటి దాదాపు 20 మీటర్ల ఎత్తు. 1813లో బర్క్‌హార్ట్ చూసినప్పుడు అవి చాలా వరకు ఇసుకలో కూరుకుపోయి ఉన్నాయి. లోపల ఏముందో, అసలు వాకిలి ఎక్కడుందో చూసినవాళ్లు లేరు.

అక్కడి జనానికి డబ్బు వాడకం లేదు. నాణెం ఇస్తామంటే ఇదేం చేసుకోను అన్నారట. బెల్జోనీ ఒక నాణెం ఒకడి చేతిలో పెట్టి తన పడవ దగ్గరికి పంపాడు. అక్కడ సారా దాన్ని తీసుకుని ధాన్యం కొలిచి ఇచ్చింది. అప్పుడు నమ్మకం కుదిరి పనికి దిగారు. కానీ పొడి ఇసుక సంగతి మనకి తెలియనిదా? గుంట ఎంత తవ్వితే పక్కల నుంచి అంత జారి పూడ్చేస్తుంది. జారకుండా తాటి జాతి చెట్ల మొద్దులతో దడి కట్టించాడు, నీళ్లు పోయించి ఇసుకని బిగిసేలా చేశాడు. మనం షోరింగ్ అంటున్నది ఇదే కదా. అయినా ఆ ఏడాది చేతిలో డబ్బు అయిపోయి వెనుదిరిగాడు.

1817 వేసవిలో మళ్లీ వచ్చాడు. ఈసారి సాల్ట్ కార్యదర్శి బీచీ, అర్బీ, మాంగిల్స్ అనే ఇద్దరు ఇంగ్లిష్ నౌకాదళం మనుషులు తోడు. జులై మధ్యలో రంజాన్ వచ్చి ఊరివాళ్లు పని మానేశారు. దాంతో వీళ్లే చొక్కాలిప్పి పార పట్టారు. తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండెక్కేదాకా, మళ్లీ సాయంత్రం చీకటి పడేదాకా. గల్ఫ్‌లో ఇవాళ ఎండాకాలం మధ్యాహ్నం పని ఆపమని చట్టాలున్నాయి. ఎండ ఆ చట్టం 200 ఏళ్ల కిందటే చేసింది!

1817 ఆగస్టు 1న వాకిలి పైభాగంలో సందు దొరికింది. లోపలికి జారారు. ఎనిమిది భారీ విగ్రహాల మధ్య నడవ, గోడల నిండా యుద్ధాల చిత్రాలు. లోపల ఆవిరి గదిలో ఉన్నంత ఉక్క. బొమ్మలు గీసుకుందామంటే చెమటకి కాగితాలు తడిసిపోయేవి.

అబూ సింబెల్ కథ అక్కడితో ఆగలేదు. అస్వాన్ హై డ్యాం కడితే గుడి మునిగిపోతుందని తేలాక, యునెస్కో పిలుపుతో ఎన్నో దేశాలు ముందుకొచ్చాయి. 1964 నుంచి 1968 దాకా గుడిని సగటున 20 టన్నుల బండలుగా కోసి, 65 మీటర్ల పైకి, సుమారు 200 మీటర్ల వెనక్కి తీసుకెళ్లి మళ్లీ నిలబెట్టారు. వెనక కనిపించే కొండ లోపల ఉన్నది కాంక్రీట్ గుమ్మటం. కోసిన గీతలు దగ్గరికెళ్లి చూస్తే తప్ప తెలియవు. ఫిబ్రవరి 22, అక్టోబర్ 22 తేదీల్లో ఉదయపు ఎండ గర్భగుడి దాకా వెళ్లే ఏర్పాటు ఇప్పటికీ పనిచేస్తోంది.

ఇలాంటి పని మన నేల మీదా జరిగింది. నాగార్జునసాగర్ నీళ్లలో మునిగిపోబోయే నాగార్జునకొండ లోయలో 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపారు. ముఖ్యమైన కట్టడాల్ని కొండ మీదికి, అనుపుకి తరలించి తిరిగి కట్టారు. సాగర్ వెళ్లి డ్యాం మాత్రమే చూసి వచ్చినవాళ్లు ఈసారి లాంచీ ఎక్కండి.

వాన నీటి జాడ, ముప్పై అడుగుల లెక్క

1817 అక్టోబర్‌లో లక్సర్ దగ్గరి రాజుల లోయలో బెల్జోనీ ఒకటో సేతీ సమాధిని కనిపెట్టాడు. ఎలా? వానలు కురిస్తే కొండవాలు నుంచి నీళ్లు దూకే చోటది. అలాంటి చోట సమాధి ఎవరు కడతారని పనివాళ్లు పెదవి విరిచారు. ఆయన అక్కడే తవ్వించాడు. లోపల గది తర్వాత గది, రంగులు నిన్న వేసినట్టు ఉన్నాయి. చివర తెల్లని చలువరాయితో చేసిన శవపేటిక. లోయలోకెల్లా పొడవైన, అందమైన సమాధుల్లో అదొకటి. చాలా ఏళ్లు మూసి ఉంచి 2016లో మళ్లీ తెరిచారు. బెల్జోనీ గోడల బొమ్మలకి మైనంతో అచ్చులు తీశాడు. ఆ అచ్చుల వల్ల రంగులు దెబ్బతిన్నాయి కూడా.

తర్వాత గీజా. రెండో పిరమిడ్ లోపల అసలు గదులే లేవని అప్పట్లో అందరూ అనుకునేవాళ్లు. బెల్జోనీ మొదట తవ్వించిన చోట దారి దొరకలేదు. అప్పుడు పక్కనున్న పెద్ద పిరమిడ్ దగ్గరికెళ్లి కొలతలు తీశాడు. దాని వాకిలి సరిగ్గా నడిమధ్యన లేదు, సుమారు 30 అడుగులు తూర్పుకి జరిగి ఉంది. అదే లెక్క ఇక్కడా వేసి కొత్త చోట తవ్వించాడు. 1818 మార్చి 2న లోపలికి వెళ్లాడు. శవపేటికలో నిధి లేదు, దొరికిన ఎముకలు కూడా ఎద్దువని తేలింది. తనకంటే ముందే ఎవరో వచ్చి వెళ్లినట్టు గోడ మీద అరబిక్ రాత కూడా కనబడింది. అయినా తన పేరు, తేదీ మసితో గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించుకున్నాడు. 136 మీటర్ల ఆ పిరమిడ్ లోపలికి వెళితే ఇప్పటికీ ఆ పేరు కనిపిస్తుంది.

అదే ఏడు ఫీలే దీవి నుంచి ఒక స్తంభశిలని పడవెక్కిస్తుంటే, రాళ్లు పేర్చి కట్టిన రేవు కుంగి అది నదిలో పడిపోయింది. బెల్జోనీ అధైర్యపడలేదు. నీళ్లలో మీటలు వేసి తిరిగి బయటికి తీయించాడు. ఈజిప్టు బొమ్మల లిపిని చదవడంలో దాని మీది రాతలు కూడా పనికొచ్చాయి.

ఎర్ర సముద్రం ఒడ్డున మన నాణేలు

మనవాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సిన ముచ్చట ఇది. 1818లోనే బెల్జోనీ ఎడారి దాటి ఎర్ర సముద్రం ఒడ్డున శిథిలమైన ఒక ఊరు చూసి, అది పూర్వకాలపు బెరెనికే రేవు అని గుర్తుపట్టాడు. వెంట పార కూడా లేదు. ఒక కుర్రాడి చేత గవ్వచిప్పతో గుడి గోడ పక్క ఇసుక తీయించాడు.

రోమన్ల కాలంలో మన దేశం నుంచి వెళ్లిన మిరియాలు దిగిన రేవు అది. అక్కడ అమెరికా, పోలండ్ శాస్త్రవేత్తలు తవ్వుతున్నారు. 2022లో అక్కడ పాలరాతి బుద్ధ విగ్రహం దొరికింది. ఆ సంగతి 2023లో ప్రకటించినప్పుడే ఇంకోటి కూడా చెప్పారు. శాతవాహనుల నాణేలు రెండు దొరికాయి, క్రీస్తుశకం 2వ శతాబ్దానివి. శాతవాహనులంటే మన కోటిలింగాల, మన ధరణికోట! గల్ఫ్ దారి మనకి ఈ నలభై యాభై ఏళ్లదే అనుకుంటాం. మన రాజుల నాణేలు ఆ ఇసుకలో దాదాపు 1,800 ఏళ్ల కిందటే దిగాయి.

కాంట్రాక్టు కాగితం

బెల్జోనీకి సాల్ట్‌తో పేచీ వచ్చింది. తాను సొంతంగా పనిచేశానని ఈయన, నేను పెట్టుకున్న మనిషివని ఆయన. పేరెవరికి, డబ్బెవరికి అన్నదే గొడవ. 1818లో ఒప్పందం రాసుకున్నారు. సేతీ శవపేటిక 2,000 పౌండ్లకి మించి అమ్ముడుపోతే, పైమొత్తంలో సగం బెల్జోనీకి.

1819లో ఈజిప్టు వదిలాడు. 1820లో లండన్‌లో పుస్తకం వేశాడు. 1821 మే 1న పికడిల్లీలో సేతీ సమాధి గదుల నమూనాలతో ప్రదర్శన పెడితే మొదటి రోజే 1,900 మంది టికెట్ కొన్నారు. కానీ ఆ సంబరం ఎన్నాళ్లో నిలవలేదు. సహారా ఆవల ఉన్న టింబక్టూ చేరాలని 1823లో పశ్చిమ ఆఫ్రికాకి బయల్దేరాడు. దారిలో గ్వాటో అనే ఊళ్లో, అంటే ఇవాళ్టి నైజీరియాలో, విరేచనాలు పట్టుకుని డిసెంబర్ 3న చనిపోయాడు. వయసు 45. అక్కడే ఒక చెట్టు కింద పాతిపెట్టారు.

శవపేటిక 1824లో అమ్ముడైంది. బ్రిటిష్ మ్యూజియం వద్దంటే సర్ జాన్ సోన్ అనే భవన నిర్మాత కొన్నాడు. ఎంతకో తెలుసా? సరిగ్గా 2,000 పౌండ్లకి! మించింది ఏమీ లేదు గనక సారాకి పైసా రాలేదు. కాగితం మీద ఒక్క మాట ఎలా రాసి ఉందో చూడకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. సంతకం పెట్టేముందు చదవండి, భాష రాకపోతే చదివించుకోండి. సారా ఒంటరిగా దశాబ్దాలు బతికింది. 1851లో గానీ ఆమెకి ఏడాదికి 100 పౌండ్ల ప్రభుత్వ పింఛను రాలేదు. 1870లో చనిపోయింది.

చూడాలనుకునేవాళ్లకి

లండన్‌లో ఉన్నవాళ్లకి సులువు. బ్రిటిష్ మ్యూజియంలో ఆ రామెసెస్ తల ఉంది. శవపేటిక అక్కడికి దగ్గర్లోనే సోన్ మ్యూజియంలో ఉంది. రామెసెస్ తల చూశాక అదే బ్రిటిష్ మ్యూజియంలో మన అమరావతి శిల్పాలు కూడా చూడండి. ధరణికోట పక్కన మనవాళ్లు చెక్కిన రాళ్లు అవి, 19వ శతాబ్దంలో ఓడెక్కి వెళ్లాయి. ఆ రెండింటి ముందూ నిలబడితే, తీసుకెళ్లినవాడి నేర్పు ఒక కంటికి, పోగొట్టుకున్న ఊరి ఖాళీ ఇంకో కంటికి కనిపిస్తాయి.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఈజిప్టు వెళ్లాలనుకుంటే నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపు పెట్టుకోండి. మిగతా నెలల్లో మన సైటు ఎండే అక్కడా. అబూ సింబెల్‌కి అస్వాన్ నుంచి రోడ్డు మీద దాదాపు 280 కిలోమీటర్లు, తెల్లవారుజామునే బయల్దేరాలి. రామెస్సేయం మాత్రం మర్చిపోవద్దు. టూరు బస్సులు అక్కడ తక్కువ ఆగుతాయి. తల పోయిన మొండెం ఇంకా అక్కడే ఉంది. అక్కడి నుంచి నది వైపు చూస్తూ కొంచెం దూరం నడవండి. 80 మంది ఉపవాసాలతో, పదిహేడు రోజుల పాటు, ఆ నేల మీదే లాక్కెళ్లారు.